మద్దెల మీద మహాబలం

తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా చెన్నై పోయే దారిలో ఉంటుంది వడమాలపేట. ఎండలు ముదిరితే ఆ చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో భారతం పెడతారు. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. పద్దెనిమిది పర్వాల లెక్కన పద్దెనిమిది రోజులు జరిపే ఊళ్లూ ఉన్నాయి. సూపర్‌మ్యాన్ 1938లో కామిక్ పుస్తకంలోకి వచ్చాడు. మహాబలుణ్ణి జనం ముందు నిలబెట్టే విద్య మన పల్లెల్లో అంతకు ముందే ఉంది. అందులో సగం పని వాద్యాలదే.

భీముడి ప్రవేశమే చూడండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. మనిషి కనబడడు, గజ్జెలు మాత్రం ఘల్లుమంటాయి. మద్దెల గుమ్మంటుంది, తాళం బిగుస్తుంది, హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని వదలదు. తెర మీదుగా కిరీటం అంచు తొంగిచూసి మాయమవుతుంది. మరికాసేపటికి అద్దాలు పొదిగిన భుజకీర్తి ఒకటి మెరుస్తుంది. ప్రవేశ దరువు ఎత్తుకుంటారు, వంత అందుకుంటుంది, నడక జోరెక్కుతుంది. తెర తీసేసరికి జనం ఈలలు. లోపలున్నది పగలు మడి దున్నుకునే బక్కపలచని మనిషే కావచ్చు. అయితేనేం, పదివేల ఏనుగుల బలం అప్పటికే మన చెవుల్లోంచి వెళ్లి అతని ఒంట్లో చేరిపోయింది.

హాలీవుడ్ చేసిందీ ఇదే. 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’కు జాన్ విలియమ్స్ బూరలతో కట్టిన బాణీ వింటే చాలు, ఎగిరేవాడు కళ్లముందు లేకపోయినా ఉన్నట్టే. మన జానపద, పౌరాణిక చిత్రాలు ఇంకో అడుగు ముందుకేశాయి. 1957 ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి బలం గదలో కంటే ఆకలిలో ఎక్కువ కనిపిస్తుంది. మార్కస్ బార్ట్లే కెమెరా పళ్లేలను కదిలిస్తుంటే, మాధవపెద్ది సత్యం గొంతు నవ్వును కూడా తాళంలో బిగించింది. రాక్షసుడంటే పిల్లలకు భయం పోయింది, ముద్దు మిగిలింది. ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల బాణీకి ఘంటసాల పాడుతుంటే తెర మీద గాయకుడూ ఎన్టీఆరే, పక్కవాద్యాలవాళ్లూ ఎన్టీఆరే. అక్కడ కథానాయకుడి అసలు ఆయుధం కత్తి కాదు, పాట. కామిక్ వీరుల్లో ఇలాంటివాడు దొరకడం కష్టం.

నాకు మాత్రం వీటన్నిటికంటే మన భారతంలోని అర్జున తపస్సు గొప్పగా తోస్తుంది. మైదానంలో ఎత్తైన మాను పాతుతారు. పాశుపతం కోసం బయలుదేరిన అర్జునుడు ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఆగి, పద్యం పాడతాడు. కింద పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మపండు, విభూతి, పూలు ఒడిలో పడితే చాలని వాళ్ల ఆశ. ఇక్కడ గ్రాఫిక్స్ లేవు, కట్టిన తాడు లేదు. ఎత్తు నిజం, కాలు జారితే ప్రమాదం నిజం. అంత ఎత్తున శ్రుతి తప్పకుండా రాగం తీయాలంటే గుండెలో దమ్ముండాలి. వాద్యాలు కూడా అతన్ని తరమవు. పద్యం ముగిసేదాకా ఓపిక పట్టి, కాలు పై మెట్టు మీద పడగానే అందుకుంటాయి.

ఆ ఓపికే ఇప్పటి సినిమాల్లో తగ్గింది. వీరుడు లేచినా మోతే, కూర్చున్నా మోతే. థియేటర్ కుర్చీ అదురుతుంది కానీ ఒళ్లు జలదరించదు. బలం రాబోతోందన్న ఎదురుచూపు లేనిదే బలానికి విలువ లేదు. ఆ ఎదురుచూపును కట్టేది సంగీతం. భారతంలో దుర్యోధన వధ రోజు నేల మీద పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి చుట్టూ భీముడు తిరుగుతాడు. గద తొడ మీద పడడానికి ముందు ఎంతసేపు తిప్పుతారో ఒకసారి చూస్తే మన సంగీత దర్శకులకు కొత్త పాఠం దొరుకుతుంది.

భారతం ఆటల్లోనూ ఇప్పుడు స్పీకర్ల హోరు పెరిగింది, మధ్యలో సినిమా బాణీలు దూరుతున్నాయి. చదివింపుల నోట్లేమో ఎక్కువగా కిరీటం పెట్టుకున్నవాళ్లకే అందుతాయి. ఈ ఎండాకాలం ఆ దారిన పోతూ ఎక్కడైనా తెర పట్టడం కనబడితే ఒక పూట ఆగండి, మద్దెల పక్కనే చోటు చూసుకుని కూర్చోండి. లేచేముందు వాయించినాయన పేరు అడిగి, ఆ పేరు మీద కూడా ఒక నోటు చదివించండి.