పటారమూ, పిడికిలీ

బాక్సింగ్ బరిలో ఎవరైనా కాస్త హంగు చేస్తే "పైన పటారం, లోన లొటారం" అని తేల్చేయడం మనకు అలవాటు. ఆ సామెత అన్నిచోట్లా చెల్లదని నా అభిప్రాయం. ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలుసుకోవడానికి అమెరికన్ బాక్సర్ షుగర్ రే లెనార్డ్ తలపడిన రెండు పోటీలు చాలు.

మొదటిది 1980 నవంబరు 25న న్యూ ఆర్లియన్స్‌లో జరిగింది. అంతకు అయిదు నెలల ముందు మాంట్రియల్‌లో పనామా యోధుడు రాబర్టో డురాన్ చేతిలో లెనార్డ్ ఓడిపోయాడు. అప్పుడు డురాన్ కోరుకున్నట్టే దగ్గరగా నిలబడి కొట్లాడాడు. ఈసారి దూరం పాటించాడు, పక్కలకు జరిగాడు, గడ్డం ముందుకు చాచి వెక్కిరించాడు. ఏడో రౌండులో కుడిచేతిని గిరగిరా తిప్పుతూ, ఎడమచేత్తో డురాన్ ముఖం మీద గుద్దాడు. చూడటానికి కోతిచేష్టే. కాని తిరిగే చెయ్యి డురాన్ చూపును లాక్కుంది, దెబ్బ రెండోవైపు నుంచి వచ్చింది. ఎనిమిదో రౌండులో డురాన్ తనంతట తానే పోటీ విరమించాడు. ఇక్కడ వేషమే విద్య.

రెండోది 1987 ఏప్రిల్ 6న లాస్‌వేగాస్‌లో, మిడిల్‌వెయిట్ చాంపియన్ మార్విన్ హాగ్లర్‌తో. అయిదేళ్లలో ఒక్కసారే బరిలోకి దిగిన లెనార్డ్, చాలా రౌండ్లలో తన ఊపంతా చివరి అరనిమిషానికి దాచుకుని, అప్పుడు చకచకా గుద్దులు కురిపించాడు. రౌండు గెలిచినవారికి 10 పాయింట్లు, ఓడినవారికి సాధారణంగా 9. కొద్ది తేడాతో గెలిచినా అంతే. కనుక కంటికి చివరగా కనిపించిన అరనిమిషం మూడు నిమిషాల రౌండునూ పట్టుకుపోగలదు. కామర్స్ చదివినవాళ్లం దీన్ని విండో డ్రెస్సింగ్ అంటాం. మార్చి 31న డిపాజిట్లు ఉబ్బుతాయి, ఏప్రిల్ మొదటి వారంలో దిగిపోతాయి.

న్యాయనిర్ణేతల్లో ఒకరు 115-113తో హాగ్లర్‌కు, మరొకరు అంతే తేడాతో లెనార్డ్‌కు ఇచ్చారు. ఆ రెండూ నాకు అర్థమవుతాయి. ఎడమచేతి వాటం హాగ్లర్ తొలి రౌండ్లలో కుడిచేతి వాటంగా నిలబడి పాయింట్లు పోగొట్టుకున్నాడు, అది స్వయంకృతం. కాని మూడోవారు 118-110 అన్నారు. అంటే పన్నెండింట పది రౌండ్లు లెనార్డ్‌వేనట! ఇది లెడ్జరు తెరవకుండా సంతకం పెట్టడమే.

నా పరీక్ష ఒక్కటే. హంగు తీసేసి చూడాలి. న్యూ ఆర్లియన్స్‌లో చెయ్యి తిప్పడం తీసేస్తే ఆ గుద్దు తగిలేది కాదు. లాస్‌వేగాస్‌లో ఆ అరనిమిషాలు తీసేస్తే హాగ్లర్ తిన్న దెబ్బలు పెద్దగా తగ్గవు, లెనార్డ్ పాయింట్లు మాత్రం తగ్గుతాయి.

హాగ్లర్ మళ్లీ బరిలోకి దిగలేదు. తానే గెలిచానన్న మాట వదలకుండానే 2021లో కన్నుమూశాడు. ఇందుకు లెనార్డ్‌ను తిట్టి లాభం లేదు, గెలవడం అతని పని. తూకం సరిచూడవలసింది తక్కెడ పట్టుకున్నవారు.