తడి తెలిసిన చేతులు

సంక్రాంతికి ఇంట్లో చేసుకునే వస్తువుల్లో ఎవరూ పట్టించుకోనిది భోగి పిడక. ముగ్గుకు పోటీలు పెడతారు, గొబ్బెమ్మకు ఫొటోలు తీస్తారు. పిడకను మాత్రం మంటలో వేసేదే కదా అని చేతిలోకి తీసుకుని చూసేవాళ్లు తక్కువ. గిద్దలూరు పక్కన, నల్లమల అంచున ఉన్న రాచర్ల వైపు పల్లెల్లో గొడ్లున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో అవ్వలూ మనవరాళ్లూ కలిసి చేసే పిడకను ఒకసారి తిప్పి చూస్తే అందులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది.

పేడ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పచ్చిమేత ఎక్కువ తిన్న ఆవు పేడ జారుగా ఉంటుంది, చేతిలో నిలవదు. జొన్నచొప్పో వరిగడ్డో తిన్న ఆవు పేడలో అరగని పీచు మిగులుతుంది, పిడకను పట్టి ఉంచేది ఆ పీచే. వానలు వెనకబడి, గట్ల మీద గడ్డి ఎండి, గొడ్లు చొప్పకు అలవాటు పడేసరికి డిసెంబరు నడిమికి వస్తాం. ధనుర్మాసం మొదలయ్యేదీ అప్పుడే. ఈ మెట్ట నేలలో మేత మారడమూ పండగ పని మొదలవడమూ ఇలా ఒకేసారి కలిసొస్తాయి. పేడ అప్పటికీ పలచగా అనిపిస్తే గుప్పెడు ఊక కలుపుతారు. ఎంత కలపాలో కొలత లేదు. ముద్ద చేసి అరచేతిలో నొక్కితే వేళ్ల సందుల్లోంచి బయటికి రాకూడదు, అలాగని అంచులు పగలకూడదు.

నేల మీద బూడిదో పొట్టో చల్లి, ముద్దను దాని మీద పెట్టి అరచేత్తో తట్టాలి. మందం వేలెడుకు మించనివ్వరు. తట్టగానే చూపుడువేలితో నడుమ చిల్లి పొడుస్తారు. చూసేవాళ్లకు అది తాడు దూర్చడానికే అనిపిస్తుంది. కానీ బిళ్ల ఎండేటప్పుడు అంచులు ముందు ఆరుతాయి, నడుమ తడి ఆఖరున పోతుంది. అక్కడే చిల్లి ఉంటే గాలి లోపలినుంచి కూడా తగులుతుంది, పిడక అంతా ఒకే తీరుగా ఎండుతుంది. ఎండినకొద్దీ చిల్లి కొంచెం బిగుసుకుంటుంది కాబట్టి తాడు మందం కంటే పెద్దదిగానే పొడవాలి. చిన్నపిల్ల వేలితో పొడిచిన చిల్లి తరవాత తాడు పట్టకుండా పోతుంది, అందుకని పిల్లలు చేసిన వాటిలో అవ్వ మళ్లీ ఒకసారి వేలు తిప్పి వస్తుంది.

ఎప్పుడు తిప్పాలన్నది అసలు పరీక్ష. పై మొహం ఆరిపోయి గట్టిగా కనిపిస్తుంది, కింద మాత్రం పచ్చిగానే ఉంటుంది. తొందరపడి ఎత్తితే నడిమికి విరుగుతుంది. "ఇంకా పచ్చిగా ఉందే, ఇప్పుడు తీస్తే ఇరిగిపోద్ది" అని అవ్వ అనేది చూసి చెప్పే మాట కాదు, గోటితో అంచును కొంచెం లేపి చెప్పే మాట. పొట్టు చల్లిన నేల మీద బిళ్ల తనంతట తాను వదులుకునేదాకా ఆగాలి. పూర్తిగా ఎండిందో లేదో చెవి చెబుతుంది. రెండు పిడకలను ఒకదానికొకటి తగిలిస్తే ఎండినవి ఠక్కుమంటాయి, తడి మిగిలినవి మొద్దుగా మోగుతాయి. తడిది మంటలో వేస్తే పొగ తప్ప ఏమీ రాదు.

దండ గుచ్చడంలో పిల్లల సరదా అంతా ఉంది. పెద్దవి నడిమికి, రెండు కొసలకూ పోను పోను చిన్నవి. కొందరి ఇళ్లలో 108 లెక్క పట్టుకుంటారు, కొందరు పిల్లవాడి ఎత్తు చూసి గుచ్చుతారు. ఎవరి దండ వాళ్లదే. భోగి తెల్లవారుజామున ఎవరిది వాళ్లే మంటలో వేయాలి. నెలంతా చేసిన పని నిమిషాల్లో కాలిపోతుందన్న బెంగ పిల్లల్లో నాకెప్పుడూ కనపడలేదు. ఎవరి దండ ముందు అంటుకుందో చూడటంలోనే వాళ్లుంటారు.

గొబ్బెమ్మ కథ దీనికి ముందుది. ధనుర్మాసమంతా పొద్దున్నే ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మలను చాలా ఇళ్లలో పారెయ్యరు, పూలు తీసేసి ఆ పేడనే మర్నాడు పిడకగా తడతారు. నిన్నటి గొబ్బెమ్మ ఇవాళ్టి పిడక అన్నమాట. గొబ్బెమ్మకు ముద్ద పిడక కంటే గట్టిగా ఉండాలి, లేకపోతే పువ్వు బరువుకే ఒరుగుతుంది. అడుగు వెడల్పుగా, పైకి సన్నబడేలా తిప్పి, కొనలో బొటనవేలితో గుంట చేస్తారు. అందులోకి గుమ్మడిపువ్వు. తీగ మీద కొన్ని పూలకు పొడుగాటి సన్నని కాడ ఉంటుంది, కొన్నిటికి పువ్వు కిందే చిన్న పిందె ఉంటుంది. తెలిసిన ఆడవాళ్లు కాడ పూలనే కోస్తారు. అవి మగపూలు, కాయ కాసేవి కావు, పైగా ఆ కాడ పేడలో లోతుగా దిగి పువ్వును నిలబెడుతుంది. పేడలోని తడి ఆ పువ్వును కొంతసేపు వాడనివ్వదు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, నాలుగు గరికపోచలు, రేగుపళ్లు, ఇంట్లో ఏ పూలుంటే ఆ పూలు. నడిమిది పెద్దది, అది తల్లి గొబ్బెమ్మ. చుట్టూ పిల్లలు. పాటలు పాడుతూ చుట్టూ తిరగడం ఆడపిల్లల వంతు.

పిడకకూ గొబ్బెమ్మకూ కావలసిన జ్ఞానం ఒక్కటే, తడి ఎంతుందో చేతికి తెలియడం. ముగ్గు దగ్గరికి వచ్చేసరికి అది మరీ సూక్ష్మమవుతుంది. ముగ్గు అందమంతా గీతలో ఉందని మనం అనుకుంటాం. నా మటుకు నాకు సగం అందం గీతకు ముందే, కళ్లాపిలోనే తేలిపోతుంది. పేడనీళ్లు ఎక్కువైతే ముగ్గుపిండి నీటిని పీల్చుకుని గీత మసకబారుతుంది. తక్కువైతే మట్టి దుమ్ముగానే ఉండి పిండి పక్కకు చెదురుతుంది. నీళ్లు ఇంకి, మెరుపు పోయి, చెమ్మ మాత్రం మిగిలిన కాసేపే ముగ్గుకు సమయం. ఆ కాసేపు ఎప్పుడొస్తుందో నేలనుబట్టి మారుతుంది. ఎర్రనేల వాకిలి ఒకలా పీలుస్తుంది, గరుకు నేల ఒకలా పీలుస్తుంది. కళ్లాపి చల్లి ఇంట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి నేల సిద్ధమవుతుందని ఆ ఇంటి మనిషికి తెలుసు. నేల తడిగా ఉండాలి, పిండి మాత్రం పొడిగా ఉండాలి. మంచు పడే నెల కాబట్టి పిండిని ముందురోజు ఎండలో పోసి, మూతపెట్టిన డబ్బాలో దాచుకుంటారు. జారుగా పడటానికి జల్లించిన సన్న ఇసుక కొంచెం కలుపుతారు.

వేళ్ల పని చూడండి. గుప్పెట్లో పిండి, బొటనవేలూ చూపుడువేలూ కలిసే చోట సన్నటి దారి. బొటనవేలు ముందుకూ వెనక్కూ కదులుతూ లోపలి పిండిని ఆ దారికి అందిస్తుంది. చెయ్యి నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది, నేలను తాకదు. గీత లావూ సన్నమూ చెయ్యి వేగంలో ఉంటాయి. వంపు దగ్గర అందరి చెయ్యీ నెమ్మదిస్తుంది, అక్కడ గీత లావెక్కుతుంది. చేయి తిరిగిన మనిషికి అలా జరగదు. వంపులోకి దిగేటప్పుడు బొటనవేలి కదలిక తగ్గిస్తుంది, వంపు దాటాక మళ్లీ పెంచుతుంది. ఒక వాకిట్లో ముగ్గు గొప్పదా కాదా అని చూడాలంటే పద్మాలనూ నెమళ్లనూ వదిలేసి వంపుల్లో గీత లావు చూస్తే చాలు. బజారులో అమ్మే ముగ్గు గొట్టాలు, చిల్లుల అచ్చులు ఈ పనిని తేలిక చేశాయి, వాటితో పడిన ముగ్గు నిండుగానే కనిపిస్తుంది. గీతలో చెయ్యి మాత్రం కనపడదు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరొచ్చింది. అందువల్లే కాబోలు ఇక్కడి వాకిళ్లలో కోస్తా గొబ్బెమ్మ పక్కనే సీమ ఎర్రమన్ను అలుకుడూ కనిపిస్తుంది. గడపకూ అరుగుకూ ఎర్రమన్ను అలికి, దాని మీద తడిపిండితో గీతలు పెడతారు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పలచన చేసి, గుడ్డముక్క ముంచి వేళ్లలోంచి జార్చడమే. ఈ పనిలో నన్ను ఎప్పుడూ నిలబెట్టేసేది ఒకటుంది. తడిగా ఉన్నప్పుడు ఆ గీత సరిగా కనపడదు. నేల రంగులో కలిసిపోయి లీలగా ఉంటుంది, ఆరినకొద్దీ తెల్లగా తేలుతుంది. అంటే గీసేటప్పుడు గీసినదాన్ని చూసుకునే వీలు లేదు, చెయ్యి గుర్తుపెట్టుకుని పోవాల్సిందే. పొడిపిండిలో పొరపాటును కొంగుతో తుడిచేయొచ్చు. ఇక్కడ పొరపాటు తెలిసేది ఆరాకే.

రంగుల గురించి ఒక్క మాట. ఉప్పులో రంగు కలిపి నింపితే రాత్రి బాగుంటుంది. ఉప్పు మంచును పీల్చుకుంటుంది కనుక తెల్లారేసరికి అంచులు కరిగి పాకుతాయి. ఇసుకకు ఆ బాధ లేదు. ఇక సిమెంటు వాకిళ్లలో నీళ్లు ఇంకవు, నీళ్లు పైన నిలిచైనా ఉంటాయి, ఎండైనా పోతాయి. మధ్య స్థితి చాలా కొద్దిసేపే. సిమెంటు మీద ముగ్గు నిలవడం లేదని ఆడవాళ్లు అంటే అది వాళ్ల చేతి లోపం కాదు.

పిల్లలకు ముగ్గు నేర్పడానికి ఈ ప్రాంతంలో మంచి సాధనం ఉంది. మార్కాపురం పలక. ఇక్కడి కొండల రాయి పొరలు పొరలుగా చీలుతుంది, ఉలితో చీల్చిన ఆ పలుచటి బండలకు కర్ర చట్రం బిగించి దేశమంతటికీ పంపిన ఊరు మార్కాపురం. నోటుపుస్తకాలు వచ్చాక బడి పలక గిరాకీ తగ్గి ఆ రాయి ఇప్పుడు ఎక్కువగా గోడలకూ నేలకూ పలకలుగా పోతోంది. చట్రం ఊడిన పాత పలకలు మాత్రం ఏ అటక మీదో దొరుకుతాయి. బలపాన్ని నీళ్లలో ముంచి గీయమనండి. గడప మీది తడిపిండి మాదిరే ముందు మసకగా ఉండి ఆరాక తెల్లగా పడుతుంది. గీతను చూడకుండా గుర్తుపెట్టుకోవడం పిల్లలకు అక్కడే అలవాటవుతుంది.

చుక్కల లెక్క కూడా పలక మీదే నేర్చుకోవాలి. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు" అంటే నడిమి వరుసలో 15, దానికి పైనా కిందా 14, 13 అలా తగ్గిస్తూ 8 దాకా, ప్రతి చుక్కా ముందు వరుసలోని రెండు చుక్కల సందులోకి. లెక్కపెడితే 169 చుక్కలు, ఆరు పక్కలూ ఎనిమిదేసి చుక్కలతో సమానంగా ఉండే ఆకారం. "7 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చేవరకు" అంటే వరుసకు రెండేసి తగ్గుతాయి, మొత్తం 25. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద బొమ్మ నిర్మాణాన్ని నోటితో ఒకరికొకరు చెప్పుకోవడం ఎంత పదునైన ఏర్పాటో ఆలోచించండి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో తమిళుల ముగ్గయిన కోలాన్ని కంప్యూటర్ వ్యాకరణంగా రాసి అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. నియమం చిన్నది, దాన్నుంచి పుట్టే ఆకారాలకు అంతు లేదు అన్నదే వాళ్లు పట్టుకున్న సంగతి.

మెలిక ముగ్గులో ఆ నియమం పిల్లలకు చేతికందుతుంది. నిలువూ అడ్డమూ వరుసలుగా చుక్కలు పెట్టి, ఏ చుక్కనూ తాకకుండా, ప్రతి రెండు చుక్కల నడుమా ఏటవాలుగా దాటుతూ, అంచుకు వచ్చినప్పుడు వంపు తిరిగి వెనక్కి పోవాలి. 3 వరుసల్లో నాలుగేసి చుక్కలు పెడితే చెయ్యి ఎత్తకుండా ఒక్క గీతతో అన్ని చుక్కలూ చుట్టి రావచ్చు. 4 వరుసల్లో నాలుగేసి పెడితే నాలుగు వేర్వేరు గీతలు కావాలి. 4 వరుసల్లో ఆరేసి పెడితే రెండు. వరుసల సంఖ్యకూ వరుసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో, గీతలు అన్ని. బడిలో గ.సా.భా. చెప్పించుకుంటున్న పిల్లాడికి ఈ మాట ముందే చెప్పకండి. పలక ఇచ్చి, చుక్కలు మార్చి మార్చి పెట్టనివ్వండి, ఎన్ని గీతలు పడ్డాయో పక్కన రాసుకోనివ్వండి. 5 వరుసల్లో ఏడేసి చుక్కల దాకా వచ్చేసరికి ఎన్ని గీతలో గీయకముందే చెబుతాడు.