గాలికొక రెక్క, అలకొక రెక్క

నీటిపై తేలుట పడవకు ధర్మము. నీటిని విడిచి పైకి లేచుట హైడ్రోఫాయిల్‌కు ధర్మము. క్రీడాకారుడు నిలుచు పలక క్రింద నిలువుగా దిగిన మాస్టు, దాని కొనను అడ్డముగా నమర్చిన రెక్క, వెనుక నిలుకడకై మరియొక చిన్న రెక్క: ఇంతియే దాని నిర్మాణము. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమగుటచే, మూరెడో రెండు మూరలో పొడవుగల రెక్కయే మనుష్యుని మోయగలుగుచున్నది.

1906లో ఇటలీ దేశీయుడైన ఎన్రికో ఫోర్లానినీ మజ్జోరే సరస్సుపై ఇట్టి రెక్కల పడవను నడిపెను. 1919లో గ్రాహం బెల్, కేసీ బాల్డ్విన్‌ల హెచ్.డి.-4 అను రెక్కల పడవ గంటకు 114 కిలోమీటర్ల వేగమందుకొని నాటి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. ఈ శతాబ్ది ఆరంభమున లెయిర్డ్ హామిల్టన్ మొదలగు హవాయి సాహసికులు స్నోబోర్డు బూట్లతో పాదములను పలకకు బిగించుకొని, ఈ రెక్కపై మహాతరంగముల నధిరోహించిరి.

రెక్క నెత్తు బలము దాని వైశాల్యమును బట్టియు, వేగముయొక్క వర్గమును బట్టియు హెచ్చును. వేగము రెట్టింపైనచో బలము నాలుగింతలగును. గాలిపటము (కైట్) లాగగా సాగు కైట్ ఫాయిల్‌కును, అల నెక్కి సాగు సర్ఫ్ ఫాయిల్‌కును గల భేదమంతయు ఈ సూత్రమునందే యిమిడియున్నది.

కైట్ క్రీడాకారునకు గాలి యెడతెగక వేగము నిచ్చును గనుక చిన్నదియు సన్ననిదియు నగు రెక్క చాలును. పందెపు రెక్క సాధారణముగా 1,000 చదరపు సెంటీమీటర్లకు లోబడియుండును. అతడు కైట్ లాగుడునకు ప్రతిగా దేహమును వాల్చినప్పుడు మాస్టు కూడ ఒరగి, రెక్కకొన నీటిమట్టమునకు చేరువగును. అది బయల్పడినచో గాలి చొరబడి, మోయుచున్న బలము ఒక్కసారిగా నశించును. అందుచేతనే అతని మాస్టు మీటరు ప్రాంతమున నుండును. 2024 ఒలింపిక్ క్రీడలలో మార్సెయ్ తీరమున లోకము చూచిన కైట్ పందెములు ఇట్టి రెక్కలతో జరిగినవే.

సర్ఫరునకో, అల యిచ్చు వేగము స్వల్పము, క్షణికము. కావున అతని రెక్క విశాలము, దళసరి. నేర్చుకొనువారికి 1,500 చదరపు సెంటీమీటర్లకు మించుటయు కలదు. తీరజలము లోతులేనిదగుటచే మాస్టు పొట్టిది. అల విడిచిన పిదప కాళ్లతో పలకను అణచుచు లేపుచు, ఆ రెక్క బలముననే తదుపరి అలను చేరవచ్చును. పూర్వము నిరుపయోగమని విడిచిన చిన్న అలలును, మందమారుతములును నేడు క్రీడార్హములగుట ఈ విద్య ప్రయోజనము.

రెక్కలను తారుమారు చేసినచో ప్రమాదము తప్పదు: అలకై చేసిన విశాలమైన రెక్క కైట్ వేగమున అదుపుతప్పి నీటిని చీల్చుకొని పైకెగయును, కైట్ కొరకైన చిన్న రెక్క మందగతి నసలే లేవదు. పడిపోవు విధమును వేరు. కైట్ క్రీడాకారుడు తక్షణమే కైట్ బలమును త్రుంచు విడుదల సాధనమును ఎరిగియుండవలెను. పలకను లీష్‌తో, అనగా కట్టుత్రాటితో, కట్టుకొన్నచో అది లాగుడుకు బిగిసి ఫాయిల్‌ను తనపైకే విసరును గనుక, దానిని వర్జించుట మేలు. సర్ఫరునకు లీష్ లేకున్న ఫాయిల్ అలతో కొట్టుకొనిపోయి ఇతరులను గాయపరచును. ఉన్నచో తనవైపే మరలివచ్చును. కనుక ఈతగాండ్ర గుంపునకు దూరముగా నుండి, పడునప్పుడు పలకనుండి దూరముగా దుమికి, చేతులతో తల కాచుకొని నీటిపైకి రావలెను.

హెల్మెట్, తాకిడినోర్చు జాకెట్ ఇరువురకును అవశ్యములు. తొలుత పొట్టి మాస్టుతో, మందవేగమున సాధనచేసి, పడుట అలవడిన పిదపనే మాస్టును పెంచుకొనుట ఉచితము. ఎత్తు తక్కువైనచోట తప్పునకు చెల్లించు మూల్యమును తక్కువే.