మంచి వ్యాసం ఎవరి కొలత?

రోలుగుంట బడిలోనైనా, పెద్ద యూనివర్సిటీలోనైనా వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అనే నేర్పుతారు. ఆ చట్రంలో అంటరానితనం 'సాంఘిక దురాచారం'గా ఒక్క వాక్యంలో తేలిపోతుంది. చేసినోడుండడు, పడ్డోడుండడు.

అంబేద్కర్ అలా రాయలేదు. 1990లో పుస్తకంగా అచ్చయిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మొదట్లోనే సాధారణ వర్ణన కన్నా సంఘటనలు చెప్పడమే మేలన్నారు. 1901లో తండ్రిని చూడ్డానికి కోరేగావ్ బయల్దేరిన పిల్లల దగ్గర తిండి ఉంది, తాగడానికి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. తినకుండానే పడుకున్నారు. ఏ నిర్వచనమూ చెప్పలేనిది ఆ రాత్రి చెప్తుంది.

కాబట్టి మేమనేది ఇదీ: రోలుగుంట పిల్ల రాస్తే అందులో రోలుగుంట నీళ్ళే కనపడాలి. ఎవరు, ఎవర్ని, ఎక్కడ ఆపారో ముందు రాయాలి. సిద్ధాంతం దాని వెనకే వస్తుంది. అందుకు మార్కులు తగ్గిస్తే, దిద్దాల్సింది వ్యాసాన్ని కాదు, ఆ కొలతని.