డే గ్రంథములోని బురదచేప

ఫ్రాన్సిస్ డే రచించిన ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ 1875–78 సంవత్సరముల మధ్య వెలువడినది. చేపను గుర్తుపట్టుటకు నేటికిని దానిని తిరుగవేయువారు కలరు. వాజములలో ముండ్లెన్ని, పొలుసుల వరుస లెన్ని, రంగెట్టిది అను విషయములలో ఆయన చూపిన ఓపిక అసామాన్యము. అయినను ఆ గ్రంథమును ఒక చిన్న చేపతో పరీక్షింపవచ్చును. నాగాయలంకకు దిగువ, కృష్ణానది సముద్రమును కలియుచోట, మడ అడవుల అంచున, నీరు తీసిన పాటు సమయమున బురదపై గెంతులాడు గోబీ కుటుంబపు చేప అది.

డే పటములలో చేప ప్రక్కకు తిరిగి తెల్లకాగితముపై నిలిచియుండును. తక్కిన చేపలకు ఈ పద్ధతి కొంతవరకు చాలును, దీనికి చాలదు. కండ్లు నడినెత్తిపై పొడుచుకొని యుండుట ఎందులకు? బురదపైనుండి నలుదిక్కులు చూచుటకు. ఉరోవాజములకు అంత కండ యెందులకు? ఊతకఱ్ఱలవలె ఊని ముందుకు జరుగుటకు. బురదను తీసివేసినచో ఇవి వట్టి వింతలుగా మిగులును. గాలి పీల్చు చేపలపై డేకు శ్రద్ధ లేకపోలేదు. లోపమెల్ల నమూనాను సీసాలో నుంచి వర్ణించు నాటి పద్ధతిది.

విచారింపదగిన దేమనగా, మన తరగతులలో ఇంకను ఆ సీసాయే పాఠము చెప్పుచున్నది. దానికి తోడు ‘నేలకెక్కిన మొదటి చేప ఇదే’ అను మాట యొకటి. ఇది పొరపాటు. ఉభయచరముల పూర్వికులు ఎముకల కాడగల వాజములున్న వేరొక శాఖవి. అవి నేలకెక్కి 35 కోట్ల సంవత్సరములు దాటినది. గోబీలు చాల తరువాత వచ్చినవి. వీనికి ఊపిరితిత్తులును లేవు. తడిచర్మము, నోటిలోపలి పొర, మొప్పలు శ్వాసకు సాయపడును.

డే నాటికి తెలియని సంగతి బొరియలో నున్నది. జపానులో ఇషిమత్సు బృందము ఈ చేపలకు దగ్గరి జాతిని పరిశీలించి 2007లో ప్రకటించినది. గ్రుడ్లు బొరియలోని గాలిగది కప్పునకు అంటియుండును. బొరియ నీటిలో ప్రాణవాయువు మిక్కిలి స్వల్పము. కావున మగచేప పాటువేళ నోటినిండ గాలి తెచ్చి గదిలో విడుచును. గ్రుడ్లు పక్వమైన పిమ్మట, రాత్రి పోటులో, ఆ గాలిని అదే తోడివేయును. నీరు నిండగానే పిల్లలు వెలువడును.

ఈ కాపురమంతయు ఆటుపోటులపై ఆధారపడినది. 1990 ప్రాంతమునుండి డెల్టా తీరమున రొయ్యల చెరువులు విస్తరించినవి. గట్టు వేసి పోటును ఆపినచోట ఇట్టి బొరియ నిలువదు. పుస్తకములో బురదకు చోటు లేనిచో, ఆ నేలను ‘పనికిరాని బురద’ యనువారికి విద్యార్థి ఏమని బదులు చెప్పును?

విజయవాడ ఉపాధ్యాయునకు ఇది దూరదేశపు పాఠము కాదు. అటవీశాఖ అనుమతితో పాటువేళకు మడ అంచునకు చేరి, కదలక నిలిచిన చాలును.