మేలట్టూరు భాగవతమేళ

వైశాఖ శుద్ధ చతుర్దశి సమీపించిన కొలదియు, తంజావూరికి ఇంచుమించు 18 కిలోమీటర్ల దూరమున నున్న మేలట్టూరను చిన్న యూరికి, బ్యాంకులలోను కచేరీలలోను దూరనగరములలో ఉద్యోగములు చేసికొనుచున్న పురుషులు సెలవులు పెట్టి చేరుకొనుచుందురు. వరదరాజస్వామి కోవెల యెదుటి అగ్రహారవీథిలో పందిరి లేచును. ఇంట తమిళము మాటలాడు ఆ మనుష్యులే, తాతతండ్రుల నుండి కంఠస్థముగా సంక్రమించిన తెలుగు దరువులను, పద్యములను, వచనములను మరల సవరించుకొని, నృసింహజయంతి రాత్రి ప్రహ్లాదచరిత్రమును, తరువాతి రాత్రులయందు ఇతర నాటకములను స్వామిసన్నిధిని ఆడుదురు. ఈ నాటకసంప్రదాయమునే భాగవతమేళ యందురు. ఈ యేటి ఉత్సవమునకు పోదలచిన తెలుగువారికి ఆ నాటకముల నిర్మాణక్రమము కొంత తెలిసియుండుట మేలు. తెలియనిచో మొదటి రెండు గంటలలోనే విసుగు పుట్టి బసకు మరలిపోవుదురు, అసలు చూడవలసినది మాత్రము తెల్లవారుజామున జరిగిపోవును.

తంజావూరి నాయకరాజులలో అచ్యుతప్పనాయకుడు 16వ శతాబ్ది ఉత్తరార్ధమున 510 బ్రాహ్మణకుటుంబములకు ఇండ్లును భూములును ఇచ్చి యీ యగ్రహారమును నిలిపెనని స్థానికైతిహ్యము. అతని పేరిటనే దీనికి అచ్యుతాబ్ధి యను నామాంతర మేర్పడినది. నాయకుల కొలువులో యక్షగానము రాజభోగములలో నొకటి. విజయరాఘవనాయకుడు తండ్రిని నాయకునిగా జేసి రఘునాథాభ్యుదయమును వ్రాసెను, రంగాజమ్మ తన ప్రభువునే నాయకునిగా జేసి మన్నారుదాసవిలాసమును రచించెను. రాజు వినుచుండగా రాజును గూర్చియే పాడు ఆ కళ, 1676 ప్రాంతమున రాజ్యము మరాఠుల చేతబడిన పిమ్మటను తెలుగును విడువలేదు. మరాఠుల కాలమునను తంజావూరి సంగీతమునకును నాటకమునకును తెలుగే ప్రధానవాహినిగా నుండెను. అయితే మేలట్టూరున ఆ కళకు శ్రోత మారినాడు. రాజు కూర్చుండు చోట దేవుడు కూర్చుండెను, బహుమానము కోరి యాడువారి స్థానమున మ్రొక్కుబడిగా ఆడువారు నిలిచిరి. ఈ మార్పే మేలట్టూరి శిల్పమునకంతకును మూలమని నా అభిప్రాయము.

ఊరు చిన్నదే యైనను విద్వత్తున పెద్దది. ముత్తుస్వామిదీక్షితుల తండ్రియైన రామస్వామిదీక్షితులు సంగీతము నేర్చినది మేలట్టూరి వీరభద్రయ్య యొద్దనే. ఈ యూరి కాశీనాథకవి కూర్చిన శబ్దములనెడి నృత్యరచనలను భరతనాట్యవేదికలపై నేటికిని విందుము. వారి తరువాత వచ్చిన వేంకటరామశాస్త్రి త్యాగరాజునకు సమకాలికుడు. ప్రహ్లాదచరిత్రము, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద, ఉషాపరిణయము, రుక్మిణీకల్యాణము మున్నగు నాటకములు ఈయనవే. కావేరీతీరమున ఆ కాలముననే త్యాగరాజును ప్రహ్లాదభక్తివిజయమను నాటకమును వ్రాసెను గాని, రెండింటికిని దృష్టిభేద మెంతటిదో గమనింపుడు. త్యాగరాజు నాటకమున హిరణ్యకశిపుడు రంగమునకే రాడు. అది భక్తుని ఆర్తియు, భగవద్దర్శనానందమును మాత్రమే. శాస్త్రి నాటకమున హిరణ్యకశిపుడు లేనిచో నాటకమే లేదు. తండ్రి, తల్లి, కుమారుడు ఒక యింటి లోపల నలిగిపోవుట ఆయనకు వస్తువు. అందుచేత త్యాగరాజు కృతి గానమునకు మిక్కిలి తగినది కాగా, శాస్త్రి కృతి ఆడినప్పుడుగాని తన బలమును చూపదు.

ఇక ప్రయోగము. రాత్రి మొదటిజాము గడచిన పిమ్మట ముందుగా కోణంగి వచ్చును. పొడుగు టోపీ పెట్టుకొని గంతులు వేయుచు జనమును నవ్వించి సద్దుమణగించుట అతని పని. పిదప గాయకులు తోడయమంగళము పాడుదురు. అనంతరము గజముఖమును ధరించిన యొక బాలుడు గణపతిగా వచ్చి చిన్న నృత్యము చేసి నిర్విఘ్నము కోరి పోవును. తమ పిల్లవానిచే ఈ వేషము వేయింతుమని తల్లిదండ్రులు మ్రొక్కుకొనుట యిక్కడి యాచారము. ఆపై కటికవాడను ప్రతీహారి రాజాగమనమును చాటును. ఇంతవరకును కథ ఆరంభమే కాలేదు. పట్టణపు నాటకశాలల కలవాటుపడినవారు ఇచ్చటనే గడియారము చూచుకొందురు.

అప్పుడు ఇద్దరు తెర పట్టుకొని నిలుతురు. ఒక్కొక్క ముఖ్యపాత్రయు ప్రవేశదరువుతోనే రావలెను. గాయకులు ఆ పాత్ర యెవరో, ఎట్టి తేజస్సు గలదో, ఏ నడకతో వచ్చుచున్నదో ప్రథమపురుషలో వర్ణించి పాడుచుండగా నటుడు ఆ వర్ణనను అడుగులతోను అభినయముతోను నింపుచు, చరణమునకు చరణమునకు నడుమ నట్టువాంగపు తాళములకు జతులాడుచు, తీర్మానముతో ముగించును. అది ముగిసినంతనే అతడే నోరు తెరచి, ఉత్తమపురుషలో తన వచనమును చెప్పును, తన పద్యమును పాడును. ఒక్క క్షణము క్రిందట ఇతరులచే స్తుతింపబడిన హిరణ్యకశిపుడు ఇప్పుడు తానే మాటలాడుచున్నాడు. నటుడు వర్ణితుడై వచ్చి వక్తయై నిలుచు ఈ మలుపు యక్షగానముల కన్నిటికిని సామాన్యమే గాని, మేలట్టూరున దానిని దీర్ఘముగా, తొందరలేక నడపుటచేత, పాత్ర మన కన్నుల యెదుటనే క్రమక్రమముగా ప్రాణము పోసికొనుచున్నట్లు తోచును.

దరువు తాళబద్ధము, పద్యము తాళముతో నిమిత్తములేక రాగమునకే వశమై సాగును, ద్విపద కథను నడపును, వచనము వాదమును నడపును. ఘంటా, ఆహిరి వంటి బరువైన రాగములు ఇచ్చట కచేరీలకు అలంకారములు గావు, దుఃఖమునకు పనిముట్లు. హిరణ్యకశిపుని భార్యయగు లీలావతి పాత్రలో ఇది స్పష్టపడును. పురుషుడే ఆ వేషము వేయును, ఆ వేషమునకే ఊరిలో గౌరవ మధికము. భర్తను బ్రతిమాలుట, కుమారుని బ్రతిమాలుట, ఇరువురును వినకపోవుట అను మూడు మెట్లపై ఆ పాత్ర రాత్రి నడుమ నుండి తెల్లవారు వరకు నిలువవలెను. భర్తతో సంవాదదరువులో ఆమె వాదించుచున్నంతసేపు లయ ఆమెను నిలబెట్టుచుండును. వాదము విఫలమైన పిమ్మట పద్యమునకు దిగినప్పుడు ఆ యాధారమును పోవును, వట్టి రాగము మిగులును. తాళమును తీసివేయుటచే శోకమును చెప్పుట కంటె పొదుపైన నాటకోపాయమును నేనెరుగను.

పాములవాడును, మల్లులును వచ్చి ప్రహ్లాదుని శిక్షలను హాస్యముతో కలిపి నడుపుదురు. ఈ ఘట్టములు కొంత సాగుననుట నిజమే. పిల్లలు మేల్కొనుటకివి పనికివచ్చునని సమాధానపడవచ్చును.

నాటకమంతయు ఏ క్షణమునకై సాగుచున్నదో ఆ క్షణము సిద్ధమగుట రంగముపై గాదు. నరసింహుని ముఖము కేవలము నాటకసామగ్రి కాదు. అది కోవెలలో పూజలందుకొను వస్తువు. దానిని ధరించు నటుడు ఆనాడుపవాసముండి, స్నానముచేసి, పూజానంతరమే దానిని తాల్చును. స్తంభము నుండి అతడు వెడలినప్పుడు ఆవేశము కలుగుననియు, బలవంతులైన కొందరు అతనిని పట్టియుండవలెననియు సంప్రదాయము. హిరణ్యకశిపుడు ఎదుట నిలిచి వాదించును, కవ్వించును. నరసింహుడు మీదికురుకును, పట్టినవారు వెనుకకు లాగుదురు. మరల వాదము, మరల ఉరుకు. వధను మాత్రము చూపరు. పూర్వమెప్పుడో ఆవేశమున నరసింహవేషధారి నిజముగానే ఎదుటివానిని చీల్చివేసెనను కథను భాగవతములాడు గ్రామములన్నిటను చెప్పుకొందురు. అన్ని యూళ్లలోను ఒక్క తీరుననే జరిగినదను కథను నేను నమ్మజాలను. వధను విడుచుటకు నాటకపరమైన కారణ మింకను బలమైనది. రాత్రియంతయు రాక్షసునిగా చూపబడినవాడు ఆ చివరిగడియలో దేవునెదుట నిలిచిన మనుష్యుడు. ప్రేక్షకులు కోరునది అతని చావు గాదు, స్తంభము పగిలి స్వామి వచ్చుట. వచ్చెను, తక్కినది పూజ. హారతులతో, మంగళముతో, నరసింహుని ముందు ఊరు మ్రొక్కుచుండగా తూర్పు తెల్లవారును.

ఇందుచేతనే ఈ నాటకమును రెండు గంటలకు కుదించి నగరసభలలో చూపుట నాకు సమ్మతము గాదు. అట్లు కుదించువారు కోణంగిని, గణపతిని, ప్రవేశదరువుల చరణములను తొలగించి ‘ముఖ్యకథ’ను మిగుల్తురు. అన్నమునకై పెట్టిన యెసరును పారబోసి బియ్యము మాత్రము వడ్డించినట్లుండును ఆ పని. నిరీక్షణమే యిందలి రసపోషణోపాయము. ఎనిమిది గంటలు కాచుకొనినవానికి నరసింహుడు ప్రత్యక్షమగును, టిక్కెట్టు కొని అరగంట క్రిందట వచ్చినవానికి ముఖము ధరించిన నటుడు కనబడును.

మేలట్టూరు ఒక్కటియే గాక శాలియమంగళము, ఊత్తుక్కాడు, శూలమంగళము, నల్లూరు, తేపెరుమానల్లూరు అను గ్రామములును ఈ కళకు పేరొందినవే. కొన్నిటియందు దీపమారినది, శాలియమంగళమున నేటికిని ఆడుదురు. మేలట్టూరునను 20వ శతాబ్ది పూర్వార్ధమున, లీలావతి వేషమునకు పేరుమోసిన భరతము నటేశయ్యరు గతించిన పిమ్మట, ఆట కుంటుపడెను. ఆ నటేశయ్యరు యొద్దనే నాట్యము నేర్చిన ఇ. కృష్ణయ్యరు, న్యాయవాదియు కళోద్యమకారుడును, దీని పునరుద్ధరణమునకు పూనుకొనెను. బాలుభాగవతరు మొదలైన స్థానికులు దానిని నిలబెట్టిరి. రుక్మిణీదేవి కళాక్షేత్రమున ఉషాపరిణయము వంటి నాటకములను ఈ సంప్రదాయము నుండియే స్వీకరించి రంగమునకెక్కించెను. మాంగుడి దొరైరాజయ్యరు మేలట్టూరి నృత్తమును భరతనాట్యమున కొక ప్రత్యేకబాణీగా బోధించెను. నేడీ యూరిలో రెండు సంఘములు వేరువేరుగా ఉత్సవము జరుపుచున్నవి. చిన్న యూరికి రెండేల యని కొందరందురు గాని, పోటీచేత శ్రద్ధ పెరిగినదో లేదో రెండును చూచిన వారే చెప్పవలెను.

విమర్శింపదగిన విషయము లేకపోలేదు. ఒక కులపు పురుషులకే పరిమితమైన రంగము నేటి మనస్సున కెట్లు రుచించును? నటుడు దేవునికై ఆడు వ్రతస్థుడను భావమే ఈ కళను అంగడిసరుకు కాకుండ కాపాడినది. ఆ భావమే దాని వాకిలిని ఇరుకు చేసినది. తలుపును వెడల్పు చేయుట వ్రతమునకు భంగమని నే ననుకొనను. వేంకటరామశాస్త్రి పద్యములు ఏ గొంతున పలికినను పద్యములే.

మన తెలుగుదేశపువారికి ఇచ్చట ప్రత్యేకముగా వినవలసినది భాష. తమిళలిపిలో క-గ-ఖ-ఘలకు వేరువేరు గుర్తులు లేవు. కావున ఆ లిపిలోని వ్రాతప్రతిని చూచి నేర్చుట చాలదు, పెద్దల నోటి నుండి ఉచ్చారణము చెవికెక్కవలెను. అందుచే కొన్నిచోట్ల ఒత్తులు జారును, కొన్నిచోట్ల తమిళపు సాగతీత వినవచ్చును. అయినను యతిస్థానమున విరుపు, కందపాదమున ఊపు చెక్కుచెదరలేదు. ఒత్తు తప్పెనని మనము ముందువరుసలలో నవ్వుట నాగరికము గాదు. ఆ కందమును తప్పులేక చదువగలవారు మన పట్టణపు వీథిలో నెందరున్నారో నవ్వుటకు ముందు లెక్కించుకొనవచ్చును.

పోవువారికి రెండు మాటలు. పోతన భాగవతమున సప్తమస్కంధమును ఒకసారి చదువుకొని పొండు. ఆ పద్యములు ఇచ్చట వినబడవు గాని, కథ తెలిసిన చెవికి శాస్త్రి ఎచ్చట తన దారి తాను త్రొక్కెనో తెలియును. తంజావూరిలో పగలు సరస్వతీమహలు గ్రంథాలయమును చూచి, మధ్యాహ్నము నిద్రపోయి, సాయంకాలమునకు మేలట్టూరు చేరవలెను. వైశాఖపుటుక్క తీవ్రము, విసనకఱ్ఱ వెంటనుంచుకొనుడు. చతుర్దశినాడు రాలేనివారు నిరాశపడనక్కరలేదు: తరువాతి రాత్రులలో హరిశ్చంద్ర ఆడు వాడుక కలదు, అది రెండుభాగముల నాటకము, రెండురాత్రులు పట్టును. చంద్రమతి వేషమున నున్న నటుడు లోహితాస్యుని శవముపై పాడు వేళ ముందువరుస వృద్ధులు తాళము వేయుట మానుదురు. ప్రహ్లాదచరిత్రము కంటె అదియే ఉత్తమనాటకమని వాదించువారు ఆ యూరిలోనే యున్నారు. నేనును ఇంచుమించు వారి పక్షమే.