పైడి జైరాజు చిత్రజీవితము: ఒక విమర్శ

పైడి జైరాజును గూర్చి మన పత్రికలలో వెలువడు వ్యాసములు ఇంచుమించు అన్నియు ఒకే తీరున నడచుచుండును. హిందీ చిత్రసీమలో తెలుగువారి తొలి కథానాయకుడు ఆయనయే యని మొదట చెప్పుదురు. అట్టివానిని మఱచితిమే యని తుదను వగతురు. ఈ రెండు మాటల నడుమ ఆయన చేసిన పనిని గూర్చిన వాక్యము వెదకినను కానరాదు. ఒకానొక పెద్దమనుష్యుని పేర గ్రంథాలయము నెలకొల్పి, ఆయన వ్రాసిన గ్రంథమును మాత్రము అందుంచని వారిని మేమెఱుగుదుము. జైరాజు విషయమునను జరుగుచున్నది అదియే. కావున ఆయనను పొగడుటకంటె పరిశీలించుటకే ఇచ్చట పూనుకొనుచున్నాము.

జైరాజు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించెను. 2016కు పూర్వపు జిల్లాల హద్దులను బట్టి చూచినచో మా ధర్పల్లివారికి ఆయన పొరుగు జిల్లావాడే. హైదరాబాదున నిజాం కళాశాలలో చదివి, యౌవనారంభముననే బొంబాయి చేరి, 1929లో మూగచిత్రములలో ప్రవేశించెను. వేషము వేయుట కులగౌరవమునకు లోపమని తలచు గృహస్థులు మెండుగా నున్న కాలమది. చదువుకొన్న యువకుడు ఉద్యోగము నాశింపక ముఖమునకు రంగు పూసికొనుట ఆనాడెంత సాహసమో, ఈనాడు పిల్లలను చిత్రములలో చేర్చుటకై తహతహలాడు తలిదండ్రులకు తోచకపోవచ్చును.

ఇంతలో చిత్రమునకు నోరు వచ్చినది. 1931లో ‘ఆలం ఆరా’ వెలువడగనే, రూపము మాత్రమే పెట్టుబడిగా గల మూగచిత్రముల తారలకు గండము దాపురించెను. సులోచనయను పేర దేశమంతట వెలసిన రూబీ మయర్సు అంతటి నటియే హిందుస్తానీ నేర్చుకొనుటకై కొంతకాలము నటన మానవలసి వచ్చెను. జైరాజునకు ఆ యిబ్బంది లేకపోయెను. 1932లో ‘శికారీ’తో ఆయన మాటల చిత్రములలో నడుగిడి నిలద్రొక్కుకొనెను. దీనికి కారణము ఆయన ప్రతిభ మాత్రమే కాదని మా తలంపు. నిజాము రాష్ట్రమున పాఠశాలలను, కచేరీలను ఏలిన ఉర్దూ ఆయనకు బాల్యముననే పట్టువడినది. ఏ చదువు తెలుగు బాలుర నోట తెలుగును అణచివేసినదో ఆ చదువే ఈ తెలుగు బాలునకు బొంబాయిలో అన్నము పెట్టినది. ఆయన పండ్రెండేండ్లవాడై యున్నపుడు, 1921లో, హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలోనివారు గేలిచేసిరి. సంస్కరణము కోరు సభలోనే ఇట్లు జరుగుట గమనింపదగినది. ఆంధ్రజనసంఘము ఆ యవమానమునుండి పుట్టినది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరను ఆక్షేపణకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో ఉత్తరము చెప్పవలసి వచ్చెను. అట్టి గడ్డనుండి బయలుదేరినవాడు ఉర్దూ మాటలతో పేరుగాంచుటను ద్రోహమనరాదు, విచిత్రమనియు ననరాదు.

ఈ మాట స్పష్టపడుటకు ఎల్. వి. ప్రసాదుగారిని ప్రక్కన నిలుపుదము. ఈడున ఇద్దఱును సమానులు. ప్రసాదుగారు ఏలూరు సమీపమున సోమవరప్పాడు గ్రామమువారు. వారును బొంబాయికే పోయిరి. ‘ఆలం ఆరా’లోను, ‘కాళిదాస్’లోను, 1932 నాటి ‘భక్తప్రహ్లాద’లోను చిన్నచిన్న వేషములు వేసిరి. కథానాయకుడై వెలిగిన జైరాజు ముందు ఆనాడాయన ఏపాటివాడు! అయినను 1946లో ‘గృహప్రవేశము’నకు తానే దర్శకుడై, తానే నాయకుడై, తెలుగువారికి నవ్వుతోపాటు బుద్ధియు గఱపెను; పిమ్మట ‘మనదేశము’, ‘షావుకారు’ తీసెను. ప్రసాదుగారికి మరలి వచ్చుటకు తెలుగుచిత్రమను ఇల్లు కలదు. మదరాసున వెలసిన ఆ యింటిలో జైరాజునకు గది లేదు. అచ్చటివారు కృష్ణా గోదావరీ తీరముల నాటకరంగమునుండి, రాగయుక్తముగ పద్యము చదువ నేర్చి వచ్చినవారు. జైరాజు ఆ బడిలో చదివినవాడు గాడు. దాదాసాహెబు ఫాల్కే బహుమానము 1980వ సంవత్సరమునకు జైరాజునకును, 1982వ సంవత్సరమునకు ప్రసాదుగారికిని లభించినది. ప్రభుత్వము ఇద్దఱ నొకే పంక్తిని కూర్చుండబెట్టినను, తెలుగు గృహములలో ఒకరి పేరు నిలిచినది, రెండవవారిది నిలువలేదు.

ఇక ఆయన నటనమును చూతము. బాంబే టాకీసు వారి ‘భాభీ’ (1938), దేవికారాణి కడపటి చిత్రమైన ‘హమారీ బాత్’ (1943) మొదలగు వానిలో ఆయన చదువుకొన్న యింటి యువకుడు. ఆ దారినే పోయినచో ఎట్టి నటుడై యుండెడివాడో! కాని ఆయన నిలువెత్తు విగ్రహమును, నిటారైన నడకను, గంభీరమైన కంఠమును నిర్మాతలు చూచి కత్తి చేతికిచ్చిరి. 1956లో హోమీ వాడియా ‘హాతింతాయీ’లో మాయాద్వీపములు త్రిప్పెను. తరువాత అమరసింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాను, టిప్పు సుల్తాను, వీర దుర్గాదాసు వరుసగ వచ్చిరి. రాజపుత్రుడును ఆయనే, మైసూరు సుల్తానును ఆయనే. రెండు మతముల వీరులను ప్రేక్షకులు ఒకే దేహమున ఆదరించిరి. ఇది చిన్న విషయము గాదు. దేశవిభజనమునకు పదేండ్లయినను గడచునో లేదో యను కాలమున రాణాకు చప్పట్లు కొట్టిన చేతులే సుల్తానునకును కొట్టినవి.

అయినను ఈ వీరులందఱును ఒక్కలాగుననే మాటలాడుదురు. ఱొమ్ము విరిచి, గడ్డమెత్తి, వాక్యాంతమున స్వరము పెంచుట వారందఱ అలవాటు. రాజు సంశయింపడు, భయపడడు, తన తప్పు తానెఱుగడు. అట్టి పాత్రలో నటునకు పరీక్ష ఏది? మాకు ముఖ్యముగ కష్టము కలిగించినది 1963 నాటి ‘చంద్రశేఖర్ ఆజాద్’. ఆజాదు 1931లో అలహాబాదు తోటలో ప్రాణము విడిచినపుడు ఆయనకు ఇరువదినాలుగేండ్లు. జైరాజు ఆయనకంటె మూడేండ్లే చిన్న. ఆ వీరుడు మరణించిన ముప్పదిరెండేండ్లకు, ఏబదినాలుగేండ్ల ప్రాయమున, జైరాజు ఆయన వేషము ధరించెను. తన యీడువాడే యైన యమరుని వేషము వేయు నటుని మనస్సులో ఏమి మెదలెనో యని ఊహించుటకు మనకు ఇచ్ఛ పుట్టును. తెరమీద మాత్రము మనకు దొరకునది బరువెక్కిన శరీరమును, పాత రాజుల కంఠమును. కుఱ్ఱవాని తెగువలోని చిలిపితనము, ఆకలి, తొందర అందు లేవు. ఈ లోపము నటునిదంత, ఆయనను విడువని నిర్మాతలది మఱింత.

దర్శకుడైన జైరాజును మనవారు బొత్తిగా తలపరు. 1945లో బాంబే టాకీసు వారికి ‘ప్రతిమ’ చిత్రమును ఆయన తీసెను. అందలి నాయకుడు దిలీప్ కుమార్. ఆ మహానటునకు అది రెండవ చిత్రము. తడబడు నడకల యువకుని నడిపించిన చేతులలో ఒకటి కరీంనగరపు చేయి యని చెప్పుకొనవలసిన సంగతిని చెప్పుకొనక, తొలి నాయకుడను బిరుదమును పట్టుకొని యూగుచున్నాము. 1951లో ‘సాగర్’ అను చిత్రమును తానే నిర్మించెను. దానికి మూలము టెనిసను కవి 1864లో ప్రకటించిన ‘ఈనక్ ఆర్డెన్’ కావ్యము. సముద్రమున తప్పిపోయిన నావికుడు ఏండ్ల తరువాత ఇల్లు చేరి, తాను చనిపోయినాడని తలచి భార్య మరల పెండ్లాడి సుఖముగ నుండుట కిటికీనుండి చూచి, ఆమె సంసారము చెడకుండుటకై తన్ను తెలుపుకొనకయే మరణించును. స్త్రీ పునర్వివాహమును పాపముగా గాక మనుష్యధర్మముగా చూపు కథయిది. వీరేశలింగముగారి పేరు వినిన ఏ తెలుగువాడైనను ఈ యెన్నికకు సంతోషింపవలెను. కత్తి పట్టిన చేతికి ఇట్టి కథ రుచించెనని తెలిసిన పిమ్మట, ఆ రాజవేషములన్నియు ఆయన స్వభావము గాక ఆయన కూలి యని తోచుచున్నది. 1959లో గీతాబాలి, షమ్మీకపూరులతో ‘మోహర్’ను తీసెను. ఆ వెనుక దర్శకత్వము సన్నగిలి, వేషములే మిగిలినవి.

వృద్ధాప్యమున ఆయన చిన్న వేషములకు నామోషీ పడలేదు. మా బడిలో పెద్ద తరగతి పిల్లలను జైరాజు ఎవరని అడుగగా ఒక్కరును చెప్పలేదు. 1975 నాటి ‘షోలే’లోని పోలీసు కమీషనరు అనగా ముగ్గురు చేతులెత్తిరి. ఆయన మన పొరుగువాడనగా నమ్మలేదు. నిజామాబాదున ఆ చిత్రమును పదిమార్లు చూచితిమని చెప్పుకొను పెద్దలకును ఈ సంగతి క్రొత్తయే. 2000వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ఆయన స్వర్గస్థుడయ్యెను. మూగచిత్రముతో మొదలిడి రంగుల చిత్రముదాక పనిచేసినవారు దేశమున ఎందఱుందురు!

హైదరాబాదున రవీంద్రభారతిలోని చిన్న చిత్రప్రదర్శనశాలకు పైడి జైరాజు పేరు పెట్టినారు. క్రొత్తగ చిత్రములు తీయు యువకులు తమ పనిని అచ్చట చూపుకొనుచున్నారు. ఇది మంచి యేర్పాటు. జయంతినాడు అచ్చట పూలమాలతోను ఉపన్యాసముతోను సరిపుచ్చక, ఆయన చిత్రమొకటి తెలుగు వ్యాఖ్యానముతో ప్రదర్శించి, చూచినవారు దాని మంచిచెడ్డలు వాదించుకొనుటకు ఒక గంట విడువవలెను. మొదటియేట దర్శకుని పనియైన ‘మోహర్’, మఱుసటియేట ‘చంద్రశేఖర్ ఆజాద్’ అను క్రమమున చూపిన బాగుండునని మా యభిప్రాయము.